నెంబరు బ్లాక్ చేసి ఊరుకోకండి, 1909కి ఒక్క మెసేజ్ పెట్టండి

లోన్ కావాలా సార్, క్రెడిట్ కార్డు లైఫ్‌టైమ్ ఫ్రీ మేడమ్, యాదాద్రి రోడ్డులో ఓపెన్ ప్లాట్లు, షాద్‌నగర్ దగ్గర ఫామ్ ల్యాండ్, సైట్ విజిట్‌కి కారు మేమే పంపిస్తాం. రోజూ అందరం వినేవే. వీటి గురించి ఎవరితో మాట్లాడినా చివరికి వచ్చే మాట ఒకటే, "వచ్చిన నెంబరు వచ్చినట్టే బ్లాక్ చేసేస్తున్నానండీ, అయినా ఆగట్లేదు" అని.

ఆగవు. బ్లాక్ చేస్తే ఆగే వ్యవహారం కాదిది. మనం బ్లాక్ చేసిన సంగతి మన ఫోనుకు తప్ప ఇంకెవరికీ తెలీదు. ఆ సిమ్ నుంచి అదే గంటలో ఇంకో వందమందికి కాల్ వెళ్తూనే ఉంటుంది, రేపు అదే కంపెనీ తరఫున ఇంకో సిమ్ నుంచి ఇంకో అబ్బాయి మనకే మళ్ళీ చేస్తాడు. ట్రూకాలర్‌లో స్పామ్ అని నొక్కినా, మెసేజ్ యాప్‌లో రిపోర్ట్ నొక్కినా అది ఆ యాప్ వాళ్ళ వడపోతకు పనికొస్తుందే కానీ, ఆ సిమ్ ఇచ్చిన ఆపరేటరు దగ్గర ఫిర్యాదుగా నమోదు కాదు. నమోదు కాకపోతే ఆ సిమ్ కట్ కాదు. అందుకే ఇంత పట్టుబట్టి రాస్తున్నాను, మనలో ఎక్కువమంది చేస్తున్నది తలుపేసుకోవడమే, పట్టివ్వడం కాదు.

పట్టివ్వడానికి దారి ఉంది, స్పామ్ ఫిర్యాదుల కోసం పెట్టిన 1909 నెంబరు, అది కూడా ఇదివరకటి కంటే చాలా సులువైంది. 2018లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన నిబంధనలను 2025 ఫిబ్రవరిలో సవరించారు. అంతకుముందు స్పామ్ వచ్చిన మూడు రోజుల్లోపే ఫిర్యాదు చేయాల్సి వచ్చేది, ఇప్పుడు ఏడు రోజుల టైముంది. మామూలు పదంకెల నెంబరు నుంచి ప్రచారం చేసేవాళ్ళ మీద చర్యకు ఇదివరకు ఏడు రోజుల్లో పది ఫిర్యాదులు పడాలి, ఇప్పుడు పది రోజుల్లో ఐదు చాలు. ఆపరేటరు చర్య తీసుకునే గడువు 30 రోజుల నుంచి 5 రోజులకు తగ్గింది. మొదటిసారి దొరికితే 15 రోజులు అవుట్‌గోయింగ్ బంద్. మళ్ళీ దొరికితే ఆ మనిషి పేరు మీదో కంపెనీ పేరు మీదో ఉన్న కనెక్షన్లన్నీ, ఏ నెట్‌వర్క్‌లో ఉన్నా, ఏడాదిపాటు కట్. ఇంకో మంచి మార్పు కూడా ఉంది, ఇలాంటి రిజిస్టర్ కాని నెంబర్ల మీద ఫిర్యాదు చేయడానికి మీరు ముందుగా డీఎన్‌డీలో, అంటే ప్రచారాలు వద్దని చెప్పుకునే జాబితాలో, చేరి ఉండాల్సిన అవసరం ఇప్పుడు లేదు.

ఐదు ఫిర్యాదులు అంటే ఐదుగురు మనుషులు. ఒక అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇంతకంటే ఎక్కువమంది ఉంటారు, వాళ్ళందరికీ అదే వెంచర్ వాళ్ళ కాల్ వచ్చే ఉంటుంది, ఎందుకంటే ఆ కాలనీ లిస్టు మొత్తం ఒకే చోట నుంచి వాళ్ళ చేతికి వెళ్ళి ఉంటుంది. ఐదుగురూ బ్లాక్ చేస్తే ఏమీ జరగదు. ఐదుగురూ 1909కి రాస్తే ఆ నెంబరు పని అయిపోయే అవకాశం ఉంది.

రాయడం ఎలాగంటే, మామూలు ఎస్సెమ్మెస్సే. ఇంగ్లీషులో ముందు ఏం వచ్చిందో రెండు ముక్కలు, కామా, వాళ్ళ నెంబరు, కామా, తేదీ. ఉదాహరణకు పర్సనల్ లోన్ ఆఫర్ కాల్ అని టైప్ చేసి, కామా పెట్టి, కాల్ వచ్చిన పదంకెల నెంబరు వేసి, మళ్ళీ కామా పెట్టి, రోజు, నెల, సంవత్సరం రెండేసి అంకెల్లో వేసి 1909కి పంపాలి. ఎస్సెమ్మెస్ అయితే వచ్చిన మెసేజ్‌ని అలాగే కాపీ చేసి దాని వెనక నెంబరూ తేదీ చేరిస్తే సరి. మీకు ఏ సిమ్‌కి కాల్ వచ్చిందో ఆ సిమ్ నుంచే పంపాలి, రెండు సిమ్‌ల ఫోన్లలో చాలామందికి ఇక్కడే తేడా కొడుతుంది. డబ్బులు కట్ కావు. తిరిగి ఒక ఫిర్యాదు నెంబరు వస్తుంది, దాన్ని డిలీట్ చేయకండి, ఏం చేశారని అడగడానికి అదే ఆధారం. టైప్ చేసే ఓపిక లేకపోతే ట్రాయ్ డీఎన్‌డీ యాప్ ఉంది, అందులో కాల్ లిస్టులోంచి నెంబరు ఎంచుకుని పంపొచ్చు. మీ ఆపరేటరు యాప్‌లోనూ ఆ సదుపాయం ఉంటుంది, ఒకసారి వెతికి పెట్టుకోండి.

డీఎన్‌డీ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాని మీద జనానికి నమ్మకం పోయింది. "పెట్టానండీ, ఏం లాభం లేదు" అంటారు. అది చేసే పని వేరు. రిజిస్టర్ అయిన కంపెనీలు పద్ధతిగా పంపే ప్రచారాలను అది ఆపుతుంది. దొంగదారిన పదంకెల నెంబర్ల నుంచి చేసేవాడు ఆ జాబితా చూడడు, వాడికి కావాల్సింది ఫిర్యాదే. అయినా డీఎన్‌డీ పెట్టుకోండి, ఇన్‌బాక్సులో సగం చెత్త తగ్గుతుంది. స్టార్ట్ అని ఇంగ్లీషులో రాసి పక్కన సున్నా పెట్టి 1909కి పంపితే అన్నీ ఆగుతాయి. అన్నీ ఆపడం వద్దనుకుంటే రకాలవారీగా కూడా ఆపొచ్చు, 1 బ్యాంకులు, ఇన్సూరెన్స్, 2 రియల్ ఎస్టేట్, 3 చదువులు, 4 ఆరోగ్యం, ఇలా వరుసగా. ఇంటర్ చదివే పిల్లలున్న ఇంట్లో మే, జూన్ నెలల్లో కాలేజీల వాళ్ళు పెట్టే నరకం తెలిసినవాళ్ళు మూడో నెంబరు ఒక్కటైనా ఆపుకోండి. ఓటీపీలు, బ్యాంకు మెసేజ్‌లు వీటివల్ల ఆగవు, ఆ భయం అక్కర్లేదు.

ఇప్పుడు మెసేజ్‌ని చూడడం గురించి. మా అత్తయ్య ఖమ్మంలో ఒక్కరే ఉంటారు, మామయ్య పోయినప్పటి నుంచి బ్యాంకు పనీ కరెంటు బిల్లూ గ్యాసూ అన్నీ ఆవిడే ఫోన్లో చూసుకుంటారు. ఆవిడ ఇన్‌బాక్సు తెరిచి పక్కన కూర్చుని పంపినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదివించాను. పేరు మొదట్లో రెండు అక్షరాలుంటాయి, తర్వాత గీత, తర్వాత సంస్థ పేరు పొట్టిగా, మళ్ళీ గీత, చివర ఒకే ఒక్క అక్షరం. మొదటి అక్షరం ఏ నెట్‌వర్క్ నుంచి వచ్చిందో చెబుతుంది, ఎ అంటే ఎయిర్‌టెల్, జె జియో, వి వొడాఫోన్ ఐడియా, బి బీఎస్ఎన్ఎల్. రెండోది ఏ సర్కిల్ అనేది, డి అయితే ఢిల్లీ, ఎక్స్ అయితే కర్ణాటక, ఎ అయితే మనదే, టెలికాం లెక్కల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ ఇప్పటికీ ఒకే సర్కిల్. అత్తయ్యకు ఇవేవీ గుర్తుండక్కర్లేదు. ఆవిడకు కావాల్సింది చివరి అక్షరం. పి ఉంటే ప్రచారం, చదవకుండా వదిలేయొచ్చు. ఎస్ అంటే మనం వాడే సర్వీసుకి సంబంధించింది, టి అంటే లావాదేవీ, ఓటీపీలాంటివి. జి అంటే ప్రభుత్వం. 2025 సవరణతో ఈ అక్షరాలు తప్పనిసరి అయ్యాయి.

అదే ఇన్‌బాక్సులో ఒక మెసేజ్ ఉంది, మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. పోయిన నెల బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రి 9:30కి మీ కరెంటు కట్ చేస్తాం, వెంటనే మా ఆఫీసరుకు ఫోన్ చేయండి అని, కింద ఒక నెంబరు. పంపింది మామూలు పదంకెల నెంబరు నుంచి. అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని పైన చూసి "దీనికి తోక లేదేంటి" అన్నారు. అంతే, ఆ ఒక్క ప్రశ్న వస్తే చాలు. కరెంటు ఆఫీసు తరఫున వచ్చే మెసేజ్‌కి అక్షరాల పేరు ఉంటుంది, ఎవరిదో సొంత నెంబరు నుంచి రాదు, రాత్రి తొమ్మిదిన్నరకు తీగ పీకడానికి ఎవరూ రారు. ఆ నెంబరుకు ఫోన్ చేస్తే వాళ్ళు మొదట అడిగేది ఒక యాప్ వేసుకోమని, దాని ద్వారా మన ఫోన్ తెర వాళ్ళకు కనిపిస్తుంది, ఆ తర్వాత పది రూపాయలు కట్టమంటారు, ఆ పది రూపాయలు కట్టేటప్పుడు మనం కొట్టే ప్రతి అంకె వాళ్ళు చూస్తుంటారు.

తోక ఉన్నంత మాత్రాన కళ్ళు మూసుకుని నమ్మమనట్లేదు. రిజిస్టర్ అయిన పేర్లను కూడా కొందరు దొంగతనంగా వాడిన సందర్భాలు ఉన్నాయి. కాకపోతే అలాంటి పేరు ఎవరిదో పట్టుకోవచ్చు, ఏ కంపెనీ, ఏ టెలిమార్కెటర్, ఏ టెంప్లేట్ అనేది డీఎల్‌టీ రికార్డులో, అంటే ఆపరేటర్లు ఉంచే నమోదు పట్టికలో, ఉంటుంది. మెసేజ్‌లోని లింకు కూడా ముందే నమోదై ఉండాలని 2024 అక్టోబరు 1 నుంచి నిబంధన పెట్టారు, నమోదు కాని లింకు ఉంటే ఆ మెసేజ్ మన దాకా రాకూడదు. ఇది బాగానే పనిచేసింది, ఎంత బాగా అంటే దొంగలు ఎస్సెమ్మెస్ నుంచి వాట్సాప్‌కి మారిపోయారు.

అసలు టెన్షన్ పెట్టేది ఇప్పుడు అక్కడే. ట్రాయ్ నిబంధనలు వాట్సాప్‌కి వర్తించవు. చివర అక్షరం ఉండదు, డీఎల్‌టీ ఉండదు, 1909 ఉండదు. పైగా మెసేజ్ వచ్చేది తెలిసినవాళ్ళ నెంబరు నుంచే. మా చుట్టాల గ్రూపులో ఒక పొద్దున్నే మా బాబాయి నెంబరు నుంచి ఆర్టీఓ చలాన్ అని ఒక ఫైలు వచ్చింది, బండి నెంబరు చెక్ చేసుకోండి అని పక్కన ఒక లైను. ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంది, అంటే అది ఫోన్లో వేసుకునే యాప్. బాబాయికి ఆ సంగతే తెలీదు, ముందురోజు రాత్రి ఆయనకు ఇంకో గ్రూపులో అదే ఫైలు వస్తే నొక్కారంతే. ఆ యాప్ వేసుకోగానే మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది, ఇచ్చామా, మన ఓటీపీలన్నీ మనకంటే ముందు వాళ్ళకు చేరతాయి, ఆ తర్వాత మన వాట్సాప్ నుంచే మన గ్రూపులన్నిటికీ అదే ఫైలు వెళ్ళిపోతుంది. పెళ్ళి పత్రిక పేరుతో ఇదే, పీఎం కిసాన్ పేరుతో ఇదే, బ్యాంకు రివార్డు పాయింట్ల పేరుతో ఇదే. పెళ్ళి పత్రిక ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, యాప్‌గా రాదు. ట్రాఫిక్ పోలీసులు ఏపీకే పంపరు, చలాన్ ఉందో లేదో ఈ-చలాన్ సైటులో బండి నెంబరు కొట్టి మనమే చూసుకోవచ్చు.

ఎవరైనా నొక్కేస్తే వాళ్ళను తిట్టడం తర్వాత. ముందు ఆ ఫోనుకు నెట్ తీసేయండి, ఎయిరోప్లేన్ మోడ్ పెట్టేస్తే సరిపోతుంది. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి కార్డూ యూపీఐ ఆపించండి. డబ్బు పోతే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్. మొదటి గంట రెండు గంటల్లో చెబితే ఆ డబ్బు ఇంకో ఖాతాలో ఉండగానే ఆపే వీలుంటుంది, వాళ్ళు దాన్ని ఖాతా నుంచి ఖాతాకు మార్చుకుంటూ పోతారు కాబట్టి పొద్దున్నే స్టేషనుకు వెళ్దాంలే అనుకుంటే చేయి దాటిపోతుంది. ఆ యాప్ తీసేశాక గానీ ఆ ఫోనుకు మళ్ళీ నెట్ ఇవ్వకండి, తీసేయడానికి రాకపోతే మొత్తం రీసెట్ కొట్టించండి.

డబ్బు పోలేదు కానీ మోసం అని అనుమానం వచ్చిన కాల్, మెసేజ్, వాట్సాప్ ఏదైనా సంచార్ సాథీ అనే ప్రభుత్వ పోర్టల్‌లోని చక్షు విభాగంలో పెట్టాలి. 2024 మార్చిలో టెలికాం శాఖ మొదలుపెట్టింది ఇది. చాలామంది 1909, చక్షు, 1930 ఈ మూడింటినీ కలిపేస్తారు, దాంతో ఎక్కడ చెప్పినా పని జరగట్లేదని విసిగిపోతారు. అమ్మకం కాల్ అయితే 1909, మోసం వాసన వస్తే చక్షు, డబ్బు పోతే 1930. ఫ్రిజ్ మీద రాసి అంటించి పెట్టండి, ముఖ్యంగా పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో.

సంచార్ సాథీలోనే ఇంకో పని చేయండి, మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకోండి. ఆ సదుపాయం 2021లో తొలుత మొదలైంది ఆంధ్ర, తెలంగాణల్లోనే, ఆ తర్వాతే దేశమంతా విస్తరించింది. ఒకరి పేరు మీద తొమ్మిది వరకు ఉండొచ్చు, అందులో మీవి కానివి కనిపిస్తే "ఇది నాది కాదు" అని నొక్కితే ఆపరేటరు మళ్ళీ వెరిఫై చేయాలి. స్పామ్‌కి దీనికీ సంబంధం ఏంటంటే, మోసాలకు వాడే సిమ్‌లలో చాలా భాగం ఎవరో అమాయకుల ఆధార్ మీద తీసినవే, రేపు పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ఆ ఆధార్ మనిషి దగ్గరికే.

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న తల్లిదండ్రులది ఇంకో బాధ. విదేశీ నెంబర్లన్నీ ఎత్తొద్దని చెప్పలేం, అర్ధరాత్రి వచ్చే ఆ కాల్ కొడుకుదే కావొచ్చు, తెలియని నెంబరు నుంచి చేయాల్సిన అవసరం వాడికి నిజంగానే రావొచ్చు. "మీ అబ్బాయి పోలీస్ కేసులో ఇరుక్కున్నాడు" అని ఫోన్ చేసేవాళ్ళు సరిగ్గా ఆ భయం మీదే బతుకుతారు. విదేశాల నుంచి మన దేశపు నెంబరు కనిపించేలా చేసే కాల్స్‌ని ఆపే వ్యవస్థ 2024 అక్టోబరులో వచ్చింది, అందుకని ఇప్పుడు వాళ్ళు ఎక్కువగా విదేశీ నెంబర్ల మీదే ఆధారపడుతున్నారు. ఆ ఇళ్ళలో చేయాల్సింది, పిల్లల నెంబర్లతో పాటు వాళ్ళ రూమ్మేట్‌దో, దగ్గర స్నేహితుడిదో నెంబరు కూడా అమ్మానాన్నల ఫోన్లో పేరుతో సేవ్ చేసి పెట్టడం, తర్వాత వాట్సాప్‌లో సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్ ఆన్ చేయడం. కాల్ మోగదు, కానీ లిస్టులో కనిపిస్తుంది, పొద్దున్నే చూసుకోవచ్చు. గ్రూపుల్లో ఎవరు పడితే వాళ్ళు చేర్చకుండా మై కాంటాక్ట్స్ అని పెట్టేయండి, షేర్ మార్కెట్ టిప్పుల గ్రూపులు చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

ఇక మన నెంబరు వాళ్ళకు ఎక్కడ దొరుకుతోంది అనేది. ఎగ్జిబిషన్లో లక్కీ డ్రా చీటీ మీద రాస్తాం, మాల్‌లో కారు గెలవొచ్చని డబ్బాలో వేస్తాం, ప్రాపర్టీ సైటులో ఒక ఫ్లాటు రేటు చూడ్డానికి నెంబరు ఇస్తాం, ఆ సాయంత్రానికే పదిమంది బ్రోకర్లు. అన్నిటికంటే ఎక్కువ ఇచ్చేది బిల్లింగ్ కౌంటర్లో. చీరల షాపు, చెప్పుల షాపు, సూపర్ మార్కెట్, ఎక్కడైనా డబ్బు తీసుకునే ముందే ఫోన్ నెంబరు చెప్పండి అంటారు, వెనక క్యూలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా మనం గట్టిగా చెబుతాం. నెంబరు ఇస్తేనే బిల్లు అని పట్టుబట్టకూడదని 2023 మేలో వినియోగదారుల వ్యవహారాల శాఖ సలహా ఉత్తర్వు ఇచ్చింది. అదే సంవత్సరం డిజిటల్ డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. ట్రాయ్ 2025 సవరణ ప్రకారం ఒక లావాదేవీ కోసం మీరిచ్చిన అనుమతి ఏడు రోజులే చెల్లుతుంది, ప్రచారాలు వద్దని మీరు ఒకసారి చెప్పాక 90 రోజుల దాకా మళ్ళీ అనుమతి అడగకూడదు.

నేను కౌంటర్లో "నెంబరు లేకుండా వెయ్యమ్మా" అంటాను. అక్కడ ఉన్న అమ్మాయి మీద కోప్పడను, ఆమెకు రోజుకు ఇన్ని నెంబర్లు ఎక్కించాలని పైనుంచి చెప్పి ఉంటారు. కంప్యూటర్ తీసుకోదు సార్ అంటే మేనేజర్ని పిలవమంటాను, ఆయన వచ్చి ఏదో ఒక నెంబరు కొట్టి బిల్లు తీసిస్తాడు. వారెంటీ ఉన్న వస్తువు అయితే ఇస్తాను, అక్కడ నెంబరుతో నాకే అవసరం. మిగతా చోట్ల కాగితం బిల్లు చాలు.

మీ ఫోన్లో ఈ వారం వచ్చిన కాల్స్ ఒకసారి పైకి కిందకి చూడండి. ఏడు రోజుల్లోపు వచ్చినవైతే వాటి మీద ఇంకా ఫిర్యాదు చేయొచ్చు. మీకు ఏ వెంచర్ వాళ్ళ నుంచి, ఏ లోన్ వాళ్ళ నుంచి వస్తున్నాయో, 1909కి రాశాక ఏమైందో కూడా చెప్పండి, ఏ ఆపరేటరు ఎన్ని రోజుల్లో స్పందిస్తోందో అందరికీ తెలియడం మంచిది.